కింది నుంచి వచ్చే ఎండ

గురులింగానికి వచ్చిన చిక్కల్లా గురువుగారి పాదాలతోనే.

పల్నాడులో ఎండలకు పేరుమోసిన ఒక పట్నంలో, బజారు వెనక సందులో చిదంబరయ్య గారి మఠం ఉండేది. ఒక పక్క గదులు, ఎదురుగా ఆయన గురువుగారి సమాధి, ఆ రెంటికీ మధ్య విశాలమైన వాకిలి. వాకిలంతా నల్లని నాపరాళ్లు పరిచి ఉండేవి. చెట్టన్నది లేదు. వేసవిలో పట్టపగలు ఆ రాళ్ల మీద వాలడానికి కాకులు కూడా ఆలోచించేవి.

చిదంబరయ్య గారు మాత్రం రోజూ మిట్టమధ్యాహ్నం చెంబుతో నీళ్లు తీసుకుని, చెప్పుల్లేకుండా ఆ రాళ్ల మీదుగా నడిచి వెళ్లి సమాధి మీద పోసి వచ్చేవారు. ఎనభై దాటిన మనిషి. అరికాళ్లు బొబ్బలెక్కేవి, అవి చితికి ఆరేలోగా మళ్లీ బొబ్బలెక్కేవి.

గురులింగం చూడలేకపోయేవాడు.

చెప్పులు తెచ్చాడు. "మా గురువుగారింటికి చెప్పులేసుకుని పోతానంట్రా?" అన్నారు. కొబ్బరిపీచు పట్టా తెచ్చి దారి పొడవునా పరిచాడు. ఆయన దాని పక్కనే రాళ్ల మీద నడిచి వెళ్లారు. అదేమిటండీ అంటే, "ఎవరో పెద్దోళ్లు వస్తారని పరిచావేమో అనుకున్నా" అన్నారు. పోనీ ఆ నీళ్లేవో పొద్దున్నే, నేల చల్లగా ఉన్నప్పుడు పోయమని బతిమాలాడు.

"ఆయనకు దాహమేసేది మిట్టమధ్యాహ్నమేరా. పొద్దున్నే పోస్తే ఎవరు తాగుతారు?"

 

గురులింగం వాళ్లు తాతల నాటి నుంచి ఆ మఠం శిష్యులు. అక్కడ ఒక ఆనవాయితీ ఉండేది. గురువు ఎదుట నిలబడ్డ శిష్యుడి చూపు గురువు పాదాల మీదే ఉండాలి. ముఖంలోకి చూసి మాట్లాడితే పొగరు కింద లెక్క. చిదంబరయ్య గారు ఈ ఆనవాయితీని ఎన్నడూ పట్టించుకోలేదు కాబట్టి మిగతా శిష్యులు మెల్లగా వదిలేశారు. గురులింగం ఒక్కడే వదల్లేదు. నాలుగు పుస్తకాలు చదివాడు కదా, ఎక్కడ కళ్లు నెత్తికెక్కాయంటారోనని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. గురువుగారి ఏ వేలి గోరు ఎటు వంగి ఉందో అతను కళ్లు మూసుకుని చెప్పగలడు. ఆయనకు ముందు పన్ను ఊడిపోయిన సంగతి మాత్రం వంటమనిషి కోటమ్మ చెప్పేదాకా తెలియలేదు.

అతని ఉద్యోగం విజయవాడలో, ఒక కాలేజీలో. పట్నాల్లో ఎండ ఎక్కడ ఎలా కాస్తుందో పరిశోధించడం అతని పని. కాసేది ఒకే ఎండ. కానీ తారురోడ్డు పక్కన ఒక వేడి, సిమెంటు వాకిట్లో ఒక వేడి, పచ్చగడ్డి దగ్గర ఒకటి, తడిమట్టి దగ్గర ఇంకొకటి. నేలను బట్టి దాని మీది గాలి, ఆ గాలిని బట్టి వీధి. ఇదంతా కంప్యూటరులో లెక్క కట్టవచ్చు. ఊరిని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో ఏ నేల ఉందో, అది ఎండను ఎంత మింగుతుందో, ఎంత తిప్పి పంపుతుందో, దానిలో తడి ఎంతో చెబితే చాలు. ఏ వేళకు ఏ గడి ఎంత కాలుతుందో తెర మీద రంగుల్లో చూపిస్తుంది. కాలేది ఎరుపు, చల్లనిది నీలం.

ఆ వేసవి సెలవులకు మఠానికి వస్తూ గురులింగం కంప్యూటరు కూడా వెంట తెచ్చాడు. మూల మూలా కొలిచి మఠాన్ని దానిలోకి ఎక్కించాడు.

"ఇదుగోండి, మన వాకిలి" అని తెర చూపించాడు. వాకిలంతా ఎర్రగా ఉంది.

చిదంబరయ్య గారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "బాగుందిరా. మన వాకిలి బొమ్మ ఇంతవరకు ఎవరూ తీయలేదు" అన్నారు.

కోటమ్మ వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసింది. మఠంలో గురువుగారిని కూడా దబాయించగలిగింది ఆమె ఒక్కతే.

"రాళ్లు కాలతన్నాయని చెప్పడానికి అంత పెట్టె కావాలా లింగం? నన్నడిగితే నేను చెప్పనా?"

"ఏం చేస్తే కాలకుండా ఉంటాయో కూడా చెబుతుంది పిన్నీ."

కంప్యూటరు నిజంగానే చెప్పింది. రాళ్లు తీసేసి గడ్డి వేస్తే ఎలా ఉంటుందో అడిగాడు. బాగానే ఉంటుందంది, కానీ తాగే నీళ్లే ట్యాంకరులో వచ్చే ఊళ్లో గడ్డికి నీళ్లెక్కడివి? మట్టి వేస్తే ఎలా ఉంటుందో అడిగాడు. దానికీ రోజూ తడి కావాలంది. చివరికి రాళ్ల మీద తెల్లటి పూత పూస్తే ఎలా ఉంటుందో అడిగాడు. వాకిలి మొత్తం ఒక్కసారిగా నీలంగా మారిపోయింది.

గురులింగం పరుగున గురువుగారి దగ్గరికి వచ్చాడు. "ఈ పూత పూస్తే నేల ఎండను మింగదండీ. వచ్చిన ఎండను వచ్చినట్టే తిప్పి పంపేస్తుంది."

"అయ్యో, అంత దూరం నుంచి వచ్చిన దాన్నా?" అన్నారు చిదంబరయ్య గారు.

గురులింగం నవ్వలేదు. అతని చూపు ఆ పాదాల మీద, వాటి అంచుల్లో పగిలిన బొబ్బల మీద ఉంది. "మీరు కాదనకండి" అన్నాడు. 

చిదంబరయ్య గారు అతని భుజం తట్టారు. "నీ ముచ్చట నేనెందుకు కాదంటానురా? పూయి."

పూత తనే పూశాడు. కూలివాళ్లను పెట్టలేదు. చీపురుతో ఊడ్చి, కడిగి, ఆరబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని రాయి తర్వాత రాయి పూసుకుంటూ పోయాడు. గురువుగారు నడిచే దారి మీద రెండో పూత కూడా వేశాడు. పని అయ్యేసరికి వాకిలి పాలు ఒలకబోసినట్టు మెరిసిపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నేల మీద థర్మామీటరు పెట్టి చూశాడు. కంప్యూటరు ఎంత చెప్పిందో సరిగ్గా అంతే ఉంది. ఆ తర్వాత చిదంబరయ్య గారు చెంబు పట్టుకుని బయటికి వచ్చారు. ఇదివరకు గబగబా దాటేసే మనిషి, ఆ రోజు ఒక్కొక్క అడుగే వేసుకుంటూ తాపీగా వెళ్లి, అంతే తాపీగా తిరిగి వచ్చారు. ఎంత హాయిగా నడుస్తున్నారో అనుకున్నాడు గురులింగం. ఆయన అరుగు ఎక్కగానే వెళ్లి కాళ్ల మీద పడి, అరిచేతులతో అరికాళ్లు తడిమాడు. చల్లగా ఉన్నాయి. అంత చదువుకున్నవాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆ రోజు నుంచి అది అతనికి నిత్యకృత్యమైపోయింది. గురువుగారు సమాధి దగ్గర నుంచి వచ్చీ రాగానే పాదాలు తాకి చూసుకోవడం, మురిసిపోవడం. కొద్ది రోజుల్లో బొబ్బలు మానిపోయాయి, కొత్త చర్మం వచ్చింది. తన చదువంతా ఈ రెండు పాదాల కోసమేనని అందరితోనూ చెప్పుకున్నాడు. వినేవాళ్లు దొరకనప్పుడు కోటమ్మతో చెప్పాడు.

"ఏమో నాయనా" అనేది ఆమె. "నాకైతే అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకోడానికి కూడా లేకుండా పోయింది. ఆ తెలుపు ఒకటే మిరుమిట్లు. కళ్లు తెరవనివ్వదు, ముఖమంతా చిమచిమలాడతది."

"కొత్త కదా పిన్నీ. అలవాటయిద్ది."

కోటమ్మ చేట పట్టుకుని వంటింట్లోకి మారింది. మధ్యాహ్నం భోజనాలకు వచ్చేవాళ్లు కూడా అరుగుల మీద కూర్చోవడం మానేసి గదుల్లోకి దూరుతున్నారు. గురులింగం అది గమనించకపోలేదు. జనానికి కొత్తదేదైనా బెరుకే అనుకున్నాడు.

ఈ సంగతి ఊళ్లో పాకింది. ఒక రోజు పొద్దున్నే పురపాలక సంఘం ఇంజనీరు వచ్చి, వంగి నేల తాకి చూసి ఆశ్చర్యపోయాడు. తెర మీది నీలం చూసి ఇంకా ఆశ్చర్యపోయాడు. బస్టాండు ముందున్న ఖాళీ స్థలం గురించి అడిగాడు. అక్కడ పందిరి లేదు. పల్లెలకు పోయే జనం మూటలతో, చంటిపిల్లలతో బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడేది అక్కడే.

"మీరు ఊఁ అనండి సార్. ఆ నేలంతా ఇదే పూయించేస్తాం. ఎండలు ఇంకా ముదరకముందే పని మొదలుపెట్టాలి. రేపు ఫోను చేస్తాను."

గురులింగానికి ఆ పూట అన్నం సయించలేదు, సంతోషంతో. ఇన్నాళ్లూ తన లెక్కలు కాలేజీ గోడలు దాటలేదు. ఇప్పుడు ఊరు ఊరంతా వాటి మీద నిలబడబోతోంది. ఇంజనీరుకు మాట ఇచ్చే ముందు గురువుగారి ఆశీస్సు తీసుకోవాలని మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

చిదంబరయ్య గారు బయటికి వచ్చారు. ఒక చేతిలో చెంబు ఉంది. ఇంకో చేతిలో ఎప్పుడూ లేనిది, నల్లటి పాత గొడుగు ఉంది.

అరుగు అంచున నిలబడి గొడుగు తెరిచారు. తెరిచి, దాన్ని నెత్తి మీదికి ఎత్తలేదు. తలకిందులుగా తిప్పి, గుడ్డ నేలవైపు ఉండేలా ముఖం కింద అడ్డం పెట్టుకున్నారు. అలాగే వాకిట్లోకి దిగి నడవడం మొదలుపెట్టారు.

వంటింటి కిటికీ దగ్గర కోటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గురులింగం పెద్దాయనకు మతి తప్పిందేమోనని భయపడ్డాడు. గబగబా వెళ్లి, ఆయన చేతిలో గొడుగు మెల్లగా అందుకుని, సరిగ్గా తిప్పి తల మీద పట్టాడు.

చిదంబరయ్య గారు రెండడుగులు వేసి, గొడుగు తీసుకుని, మళ్లీ కిందికి తిప్పి పట్టుకున్నారు.

"ఎండ పైన ఉంది కదండీ" అన్నాడు గురులింగం.

"పైదానితో నాకు పాత స్నేహంరా. దాన్ని ఎట్టా ఓర్చుకోవాలో తెలుసు. ఈ కిందిది కొత్తది."

"కిందెక్కడుందండీ ఎండ?"

"పడ్డ ఎండను నీ నేల ఏం చేస్తుందన్నావు?"

"తిప్పి పంపేస్తుందండీ."

"ఎక్కడికి?"

"పైకి. ఆకాశంలోకి."

"మధ్యలో నేనున్నాగా."

గురులింగం నవ్వబోయి ఆగిపోయాడు. గురువుగారు వేళాకోళం ఆడుతున్నారనుకున్నాడు. లెక్క తప్పు కాదు. థర్మామీటరు తప్పు కాదు. చటుక్కున వంగి, ఎప్పటిలాగే పాదాలు తాకాడు.

"చల్లగానే ఉన్నాయి కదండీ" అన్నాడు, కాస్త ఉక్రోషంగా.

"ఉన్నాయి. మంచు ముక్కల్లా ఉన్నాయి. బంగారం లాంటి పని చేశావు."

"మరి?"

చిదంబరయ్య గారు చెంబు కింద పెట్టారు. వంగి ఉన్న గురులింగం గడ్డం కింద చెయ్యి పెట్టి, నెమ్మదిగా పైకి ఎత్తారు. గురులింగం అలవాటు కొద్దీ కళ్లు దించుకోబోయాడు.

"ఇటు చూడు."

చూశాడు. ఎన్నో ఏళ్ల తర్వాత గురువుగారి ముఖంలోకి సూటిగా చూడటం. నుదురు ఎప్పటిలాగే ఉంది. గడ్డం కింద మాత్రం చర్మం ఎర్రగా కమిలి పొట్టు రేగింది. ముక్కు కింద, చెవి తమ్మెల కింద కూడా అంతే. నీడపట్టున ఉండాల్సిన చోట్లన్నీ కాలి ఉన్నాయి. కనురెప్పలు ఉబ్బి, కళ్ల నుంచి ధారగా నీళ్లు కారుతున్నాయి. ఆ కళ్లతో ఎదురుగా ఉన్నది ఆయనకు కనపడుతోందా అన్న అనుమానం వచ్చింది. అప్పుడు తెలిసింది గురులింగానికి, ఇన్నాళ్లూ ఆయన అంత మెల్లగా ఎందుకు నడుస్తున్నారో.

తెర మీది నీలం వాకిలి అతని కళ్ల ముందు మెదిలింది. అంగుళం అంగుళం లెక్క కట్టిన బొమ్మ. రాయి ఉంది, పూత ఉంది, గాలి ఉంది. నిలబడ్డ మనిషి మాత్రం అందులో ఎక్కడా లేడు.

తన ముఖం కూడా మండుతోందని అతనికి అప్పుడు తెలిసింది. లేచాడు. గొడుగు అందుకున్నాడు. దాన్ని కిందికే తిప్పి, గురువుగారి ముఖానికి నేల కనపడకుండా అడ్డం పట్టి, రెండో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ అలాగే సమాధి దాకా నడిచారు. చిదంబరయ్య గారు నీళ్లు పోశారు. 

తిరిగి వస్తుంటే గురులింగం ఉండబట్టలేకపోయాడు.

"ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ రోజే గీకి పారేసేవాణ్ణి కదండీ."

"ఎట్టా చెప్పేదిరా? రోజూ వచ్చి నా కాళ్లు పట్టుకుని అంత మురిసిపోతుంటివి. నీ సంతోషం చూస్తే నాకు మంటే తెలిసేది కాదు."

గురులింగం కళ్లు తుడుచుకున్నాడు. అరుగు దగ్గర పెట్టిన ఫోను మోగడం మొదలుపెట్టింది. ఇంజనీరే అయి ఉంటాడు. గురులింగం అక్కడే ఆగిపోయి గురువుగారి వైపు చూశాడు, ఈసారి ముఖంలోకే.

"ఈ పూత మన వాకిలి దాటకుండా ఉంటుందేమోనని ఇన్నాళ్లూ చూశాను" అన్నారు చిదంబరయ్య గారు, అరుగు ఎక్కడానికి అతని భుజం ఆసరా తీసుకుంటూ. "బస్టాండంటున్నావని కోటమ్మ చెప్పింది. అందుకే గొడుగు తీశాను."

ఫోను మోగుతూనే ఉంది.

"నువ్వు పూసిన నేల కాబట్టి నేను ఓర్చుకున్నా లింగం. అక్కడ నిలబడేవాళ్లకు నువ్వేమవుతావు?"